కాన్సంట్రేటెడ్ అంటే ఏమిటి? అర్థాలు, వాడుక, ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

"కాన్సంట్రేటెడ్" అనేది ఇంగ్లీషులో ఒక విశేషణం. ఒక వస్తువు గానీ, శక్తి గానీ, జనం గానీ, మనసు గానీ చెదిరిపోకుండా తక్కువ చోట ఎక్కువగా పోగై ఉంటే దాన్ని కాన్సంట్రేటెడ్ అంటారు. తెలుగులో దీనికి ఒకే మాట లేదు. ద్రవాల గురించి అయితే గాఢమైన, చిక్కని అంటాం. మనసు గురించి అయితే ఏకాగ్రమైన అంటాం. జనాభా, డబ్బు, అధికారం గురించి అయితే కేంద్రీకృతమైన అంటాం.

ఈ మాట స్కూలు పుస్తకంలో కనిపిస్తుంది. షర్బత్ సీసా మీద, ఫ్లోర్ క్లీనర్ డబ్బా మీద, అత్తరు బుడ్డి మీద, ప్రభుత్వ పథకాల కాగితాల్లో కూడా కనిపిస్తుంది. చాలామంది దీన్ని "స్ట్రాంగ్" అనో, "ప్యూర్" అనో, "మంచి క్వాలిటీ" అనో అర్థం చేసుకుంటారు. అసలు అర్థం అది కాదు. ఈ మాట చెప్పేది ఒక్కటే: తక్కువ చోట ఎక్కువ ఉంది. ఎంత ఎక్కువ అన్నది మాత్రం అది చెప్పదు. అందుకే ఈ మాట ఎదురైన ప్రతిసారీ "ఎంతలో ఎంత?" అని అడగాలి. మందుల విషయంలో, యాసిడ్ విషయంలో ఈ ప్రశ్న ప్రాణాలను కాపాడుతుంది.

ఉచ్చారణ, మూలం

పలికేటప్పుడు మొదటి అక్షరం మీద ఒత్తు పడుతుంది: కాన్‌-సన్‌-ట్రే-టిడ్. దీని క్రియారూపం కాన్సంట్రేట్, నామవాచకం కాన్సంట్రేషన్. నీళ్లు తీసేసి చిక్కబరిచిన ద్రవాన్ని లేదా పొడిని కూడా "కాన్సంట్రేట్" అనే అంటారు.

ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. "కాన్" అంటే కలిసి, "సెంట్రమ్" అంటే కేంద్రం. అంటే కేంద్రం దగ్గరకు చేర్చడం. లాటిన్ సెంట్రమ్‌కు మూలం గ్రీకు మాట "కెంట్రాన్". దానికి మొనదేలిన ముల్లు, వృత్తం గీసేటప్పుడు వృత్తలేఖిని కాలు గుచ్చే చోటు అనే అర్థాలు ఉన్నాయి. ఇదే గ్రీకు మాట పాతకాలంలో ఖగోళ గణితంతో పాటు సంస్కృతంలోకి వచ్చి "కేంద్ర" అయ్యింది. అంటే మనం వాడే కేంద్రం, ఇంగ్లీషు సెంటర్ ఒకే మూలానికి చెందిన మాటలు.

అరబీలో దీనికి సమానమైన మాట "మురక్కజ్". గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు జ్యూస్ సీసాల మీద, క్లీనింగ్ డబ్బాల మీద ఈ మాట రోజూ చూస్తుంటారు. కాన్సంట్రేషన్‌ను అరబీలో "తర్కీజ్" అంటారు. మనకు బాగా తెలిసిన "మర్కజ్" కూడా ఇదే ధాతువు నుంచి వచ్చింది. ఈ ధాతువుకు నేలలో ఈటె లాంటిదాన్ని గుచ్చి నిలబెట్టడం అనే అర్థం ఉంది. గ్రీకులో ముల్లు, అరబీలో ఈటె. రెండు భాషలూ కేంద్రాన్ని గుచ్చి నిలబెట్టిన మొనగానే చూశాయి.

ఉర్దూలో మామూలు మాటల్లో "గాఢా" అంటారు. చాయ్ గాఢీ ఉంది, సాలన్ గాఢా అయ్యింది అని ఇళ్లల్లో వింటూనే ఉంటాం. ఉర్దూ గాఢా, తెలుగు గాఢ రెండూ సంస్కృతం నుంచి వచ్చిన మాటలే. సైన్సు పుస్తకాల ఉర్దూలో "ముర్తకిజ్" అంటారు. ఒకచోట పోగైంది, కేంద్రీకృతమైంది అనడానికి "మర్కూజ్" అంటారు. ఇంట్లో ఉర్దూ, స్కూల్లో తెలుగు లేదా ఇంగ్లీషు చదివే పిల్లలకు ఈ మాటలన్నీ పక్కపక్కన పెట్టి చెబితే భావం త్వరగా పట్టుబడుతుంది.

పాఠ్యపుస్తకంలో అర్థం

కెమిస్ట్రీలో కాన్సంట్రేటెడ్ అంటే గాఢమైన. దీనికి వ్యతిరేకం "డైల్యూట్", అంటే ఎక్కువ నీళ్లు కలిపి పల్చగా చేసినది. తెలుగు మీడియం పుస్తకాల్లో గాఢ ఆమ్లం, విలీన ఆమ్లం అని ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో విలీనకు బదులు సజల అని రాస్తారు.

ఒక చిన్న లెక్క చూద్దాం. 180 గ్రాముల నీళ్లలో 20 గ్రాముల చక్కెర కరిగించారు. మొత్తం ద్రావణం 200 గ్రాములు. అందులో చక్కెర 20 గ్రాములు కాబట్టి గాఢత 10 శాతం. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. 20ని 180తో భాగిస్తారు. నీళ్ల బరువుతో కాదు, మొత్తం ద్రావణం బరువుతో భాగించాలి.

ఇప్పుడు ఆ ద్రావణాన్ని పొయ్యి మీద పెట్టి, 100 గ్రాములు మిగిలేదాకా మరిగించారు. చక్కెర ఒక్క గ్రాము కూడా పెరగలేదు. నీళ్లు మాత్రమే ఆవిరైపోయాయి. అయినా గాఢత 20 శాతం అయ్యింది. గాఢత పెరగాలంటే సరుకు పెరగక్కర్లేదు, చోటు తగ్గినా చాలు. ఈ ఒక్క లెక్క అర్థమైతే మాట సగం అర్థమైనట్టే.

ఇక్కడ మూడు మాటల తేడా తెలుసుకోవాలి.

స్ట్రాంగ్ వేరు, కాన్సంట్రేటెడ్ వేరు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్లలో దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది కాబట్టి అది బలమైన ఆమ్లం. అందులో చాలా నీళ్లు కలిపినా అది బలమైన ఆమ్లమే, కానీ గాఢమైనది కాదు. సిర్కాలో ఉండే ఎసిటిక్ ఆమ్లం కొంచెమే విడిపోతుంది కాబట్టి బలహీన ఆమ్లం. నీళ్లు లేకుండా ఉన్న గాఢ ఎసిటిక్ ఆమ్లం కెమిస్ట్రీ లెక్కలో బలహీనమే, అయినా చర్మాన్ని కాల్చేస్తుంది. "బలహీనం" అన్న మాట చూసి భయం లేదనుకోకూడదు.

సాచురేటెడ్ వేరు. ఇక కరగడానికి వీల్లేనంతగా నిండిన ద్రావణాన్ని సంతృప్త ద్రావణం, అంటే సాచురేటెడ్ అంటారు. అది గాఢంగానే ఉండాలని లేదు. సున్నపు తేటను చూడండి. సున్నం నీళ్లలో లీటరుకు 2 గ్రాముల లోపే కరుగుతుంది. అడుగున సున్నం మిగిలే ఉన్నా పైన తేట చాలా పల్చనిది. అది సంతృప్త ద్రావణం, కానీ గాఢ ద్రావణం కాదు.

డెన్స్ వేరు. డెన్స్ అంటే సాంద్రత ఎక్కువ ఉన్నది. అంటే ఒక ఘనపరిమాణంలో ఎంత బరువుంది అన్న లెక్క. నూనె నీళ్లకంటే జిడ్డుగా, చిక్కగా కనిపిస్తుంది గానీ సాంద్రత తక్కువ కాబట్టి నీళ్ల మీద తేలుతుంది. కంటికి చిక్కగా కనిపించేదల్లా డెన్స్ కాదు, కాన్సంట్రేటెడ్ కూడా కాదు. గంజిలో పిండి కాస్తే ఉన్నా చిక్కగా కనిపిస్తుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆమ్లం 37 శాతం దాకా ఉంటుంది, చూడ్డానికి మాత్రం నీళ్లలాగే ఉంటుంది. ఇంట్లో ప్రమాదాలకు ఇదీ ఒక కారణం.

తినే తాగే వాటి మీద

రంజాన్‌లో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద పెట్టే గులాబీ రంగు షర్బత్ ఒక కాన్సంట్రేట్. దాన్ని పాలలోనో నీళ్లలోనో కలుపుకొని తాగాలి. గల్ఫ్‌లో రంజాన్ రాగానే ఇళ్లల్లో కనిపించే విమ్టో సీసాలోదీ ఇలాంటి కాన్సంట్రేటే. సీసా మీద ఒక భాగం షర్బత్‌కు ఎన్ని భాగాల నీళ్లు కలపాలో రాసి ఉంటుంది. ఆ లెక్క ప్రకారం కలిపితేనే చక్కెర లెక్క కూడా సరిపోతుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లు "ఒక్క గ్లాసే కదా" అనుకుంటారు. పల్చగా కలిపిన గ్లాసు, చిక్కగా కలిపిన గ్లాసు కంటికి ఒక్కటే గ్లాసు, ఒంటికి మాత్రం కాదు.

జ్యూస్ డబ్బాల మీద "ఫ్రమ్ కాన్సంట్రేట్" అని గానీ, "రీకాన్‌స్టిట్యూటెడ్" అని గానీ ఉంటుంది. పండ్ల రసంలోంచి నీళ్లు తీసేసి, చిక్కబరిచి, రవాణా చేసి, తర్వాత మళ్లీ నీళ్లు కలిపారని దాని అర్థం. అది కల్తీ అని కాదు, తాజా రసం అని కూడా కాదు. ఇంకో సంగతి, బిస్కెట్లు, పిల్లల తినుబండారాల పొట్లాల మీద "ఫ్రూట్ జ్యూస్ కాన్సంట్రేట్" అని పదార్థాల జాబితాలో ఉంటే, తీపి కోసం దాన్ని కలిపారన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించమని చెప్పే చక్కెరల లెక్కలో ఇది కూడా ఉంది. పేరులో పండు ఉంది కదా అని చక్కెర కాకుండా పోదు.

జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు కొనే ప్రొటీన్ డబ్బాల మీద "వే కాన్సంట్రేట్", "వే ఐసొలేట్" అని రెండు రకాలుంటాయి. పేరు వింటే కాన్సంట్రేట్‌లోనే ప్రొటీన్ ఎక్కువ అనిపిస్తుంది. నిజానికి ఐసొలేట్‌లో ప్రొటీన్ 90 శాతం దాకా ఉంటుంది. కాన్సంట్రేట్‌లో ఎక్కువలో ఎక్కువ 80 శాతం దగ్గర ఉంటుంది, కొన్నిట్లో ఇంకా తక్కువే.

మందుల్లో: మాట కనిపించకపోయినా లెక్క చూడాల్సిన చోటు

మందుల సీసా మీద చాలాసార్లు "కాన్సంట్రేటెడ్" అనే మాటే ఉండదు. అంకెలు మాత్రం ఉంటాయి. వాటిని చదవడం రావాలి.

చంటిపిల్లలకు జ్వరం వస్తే ఇచ్చే పారాసిటమాల్‌నే తీసుకోండి. మన దగ్గర ఇది డ్రాప్స్‌గానూ, సిరప్‌గానూ దొరుకుతుంది. డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. మందు ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. ఉంటుంది, అంటే 1 మి.లీ.కి 25 మి.గ్రా. మాత్రమే. కొన్ని సిరప్‌లలో 5 మి.లీ.కి 250 మి.గ్రా. కూడా ఉంటుంది. అంటే చిన్నపిల్లల డ్రాప్స్, మామూలు సిరప్ కంటే 4 రెట్లు గాఢం. డాక్టర్ "5 మి.లీ. సిరప్" అని రాస్తే, ఇంట్లో ఉన్న డ్రాప్స్ 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. లోపలికి వెళ్తుంది. అది పెద్దవాళ్లు వేసుకునే ఒక మాత్ర మందు. పారాసిటమాల్ డోసు మితిమీరితే కాలేయం దెబ్బతింటుంది. "చిన్నపిల్లలది కదా, పల్చగానే ఉంటుంది" అనుకోవడం ఇక్కడ సరిగ్గా తలకిందులు. చంటిబిడ్డ ఎక్కువ మింగలేదు కాబట్టే తక్కువ చుక్కల్లో ఎక్కువ మందు పెడతారు.

కాబట్టి డాక్టర్‌ను అడగాల్సింది "ఎన్ని మి.లీ.?" అని మాత్రమే కాదు, "ఏ సీసాలోంచి, ఎన్ని మి.గ్రా.?" అని కూడా. సీసాతో వచ్చిన డ్రాపర్‌ను, మూతను ఇంకో సీసాకు వాడకూడదు. వంటింటి చెంచాతో అసలు కొలవకూడదు.

ఇన్సులిన్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా 1 మి.లీ.కి 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల సిరంజి వాడతారు. పెన్నుల్లో, కార్ట్రిడ్జ్‌లలో వచ్చేది 1 మి.లీ.కి 100 యూనిట్లు. 100 యూనిట్ల సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో, అమెరికాలో సీసాల్లో కూడా 100 యూనిట్లదే మామూలు. అక్కడ ఉన్న కొడుకో, అల్లుడో ఇన్సులిన్ తెచ్చి ఇస్తే, ఇంట్లో ఉన్న 40 యూనిట్ల సిరంజితో దాన్ని ఎక్కించారనుకోండి. 20 గీత దాకా తీస్తే వచ్చేది అర మి.లీ. 100 యూనిట్ల ఇన్సులిన్‌లో అర మి.లీ. అంటే 50 యూనిట్లు. వేసుకోవాల్సినదానికి రెండున్నర రెట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. తారుమారుగా, 40 యూనిట్ల ఇన్సులిన్‌ను 100 యూనిట్ల సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ తగ్గదు, ఎందుకు తగ్గలేదో కూడా అర్థం కాదు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒక్కటే అయి ఉండాలి. ఉపవాస మాసంలో డోసు, వేళ మారే ఇళ్లల్లో ఈ పరీక్ష సహరీకి ముందే చేసుకోవాలి, డోసు మాత్రం డాక్టర్ చెప్పినట్టే మార్చాలి.

ఓఆర్‌ఎస్ పొడి కూడా ఇలాంటిదే. పెద్ద పొట్లం 1 లీటరు నీళ్లకు సరిపడేలా తయారు చేస్తారు. 200 మి.లీ.కి సరిపోయే చిన్న పొట్లాలు కూడా ఉన్నాయి. లీటరు పొట్లాన్ని ఒక గ్లాసులో కలిపి "చిక్కగా ఇస్తే త్వరగా నయమవుతుంది" అనుకుంటే బిడ్డ ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది, విరేచనాలు కూడా ఎక్కువ కావచ్చు. మరీ పల్చగా కలిపితే పని చేయదు. పొట్లం మీద ఎన్ని నీళ్లని ఉందో అన్నే పోయాలి. డబ్బాపాల పొడికి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

క్లీనర్లు, యాసిడ్, ఫినాయిల్

ఇప్పుడు దుకాణాల్లో ఫ్లోర్ క్లీనర్లు, ఫినాయిల్, బట్టల లిక్విడ్ కాన్సంట్రేట్‌గా అమ్ముతున్నారు. చిన్న సీసా కొని బకెట్ నీళ్లలో కలుపుకుంటే డబ్బు కలిసొస్తుంది. కాకపోతే నీళ్లు కలపకుండా నేరుగా పోస్తే చర్మం మండుతుంది, నేల పాడవుతుంది, గాలి ఆడని బాత్‌రూంలో ఊపిరి అందదు.

గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి:

గాఢ ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. పోయాల్సి వస్తే నీళ్లలోకి ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పోయాలి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నీళ్లు పడితే వేడి పుట్టి, మరిగి, మీదకు చిమ్ముతుంది. ల్యాబ్‌లో పిల్లలకు మొదట నేర్పే నియమం ఇదే. ఇన్వర్టర్ బ్యాటరీలో కూడా సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఉంటుంది. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, యాసిడ్ పోయకూడదు. తగ్గింది నీళ్లు, యాసిడ్ లోపలే ఉండి మరింత గాఢమైంది.

టాయిలెట్ క్లీనర్‌ను, బ్లీచ్‌ను కలపకూడదు. యాసిడ్, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. రెండూ గాఢంగా ఉంటే వాయువు కూడా ఎక్కువ వస్తుంది.

ఏ గాఢ ద్రవాన్నీ కూల్‌డ్రింక్ సీసాలోకి, నీళ్ల సీసాలోకి మార్చకూడదు. నీళ్లలా కనిపించే ద్రవాన్ని పిల్లలు నీళ్లనుకునే తాగుతారు. ఎవరైనా తాగేస్తే బలవంతంగా వాంతి చేయించకూడదు. లోపలికి వెళ్లేటప్పుడు కాల్చింది, తిరిగి వచ్చేటప్పుడు గొంతును మళ్లీ కాలుస్తుంది. చర్మం మీదో కంట్లోనో పడితే ధారగా పడే మంచి నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడుగుతూ ఉండాలి. వెంటనే 108కి ఫోన్ చేసి, సీసాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందులో ఏముందో, ఎంత గాఢమో డాక్టర్‌కు ఆ లేబుల్ చెబుతుంది.

అత్తరు, సెంటు

అత్తరు బుడ్డీల మీద "కాన్సంట్రేటెడ్ పర్‌ఫ్యూమ్ ఆయిల్" అని ఉంటుంది. నూనెలో సువాసన ద్రవ్యం ఎక్కువగా ఉందని దాని భావం. అందుకే ఒక్క చుక్క మణికట్టుకు రాసుకుంటే జుమా నమాజ్ నుంచి ఇంటికి వచ్చాక కూడా వాసన ఉంటుంది. సంప్రదాయ అత్తరును పూలను ఆవిరి పట్టించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దించి తయారు చేస్తారు. ఈ పనికి ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పేరుపొందింది.

స్ప్రే సెంట్లలో గాఢతను బట్టే పేర్లు మారతాయి. పర్‌ఫ్యూమ్ లేదా ఎక్స్‌ట్రే అన్నదాంట్లో సువాసన ద్రవ్యం సుమారు 20 శాతం, అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఓ ద పర్‌ఫ్యూమ్‌లో సుమారు 15 నుంచి 20 శాతం, ఓ ద టాయ్‌లెట్‌లో 5 నుంచి 15 శాతం, కొలోన్‌లో 2 నుంచి 4 శాతం ఉంటుంది. మిగిలినది ఎక్కువగా ఆల్కహాలే.

ఇక్కడ రెండు అపోహలు ఉన్నాయి. కాన్సంట్రేటెడ్ అని ఉంటే ఆల్కహాల్ లేదని హామీ ఇచ్చినట్టు కాదు. దానికి "ఆల్కహాల్ ఫ్రీ" అని వేరే రాసి ఉండాలి, పదార్థాల జాబితా చూసుకోవాలి. కాన్సంట్రేటెడ్ అంటే అసలైన పూల అత్తరు అని కూడా కాదు. కృత్రిమ సువాసనను కూడా గాఢంగా చేయవచ్చు.

వెలుతురు, వేడి

ఎండలో భూతద్దం పట్టుకుంటే కింద ఉన్న కాగితం కాలుతుంది. భూతద్దం కొత్తగా వేడి పుట్టించదు. పరుచుకుని పడాల్సిన ఎండను ఒక చుక్కలోకి చేరుస్తుంది. దాన్ని కాన్సంట్రేటెడ్ సన్‌లైట్ అంటారు. బాగ్దాద్‌లో ఇబ్న్ సహల్ అనే గణిత పండితుడు దాదాపు 984వ సంవత్సరంలోనే అద్దాలతో, కటకాలతో ఎండను ఒకచోట చేర్చి మండించడం గురించి గ్రంథం రాశారు. తర్వాత ఇబ్న్ అల్ హైసమ్ కూడా ఇదే విషయం మీద రాశారు. మొరాకోలోని వర్జాజాత్ దగ్గర నూర్ సౌరవిద్యుత్ కేంద్రాన్ని ప్రధానంగా ఈ సూత్రం మీదే కట్టారు. అద్దాలతో ఎండను ఒకచోట చేర్చి, ఆ వేడితో కరెంటు తీస్తారు. ఇలాంటి కరెంటును "కాన్సంట్రేటెడ్ సోలార్ పవర్" అంటారు.

మనసు, చదువు, నమాజ్

"కాన్సంట్రేటెడ్ ఎఫర్ట్" అంటే చెదిరిపోకుండా ఒకే పని మీద పెట్టిన శ్రమ. ఉర్దూలో దీన్ని యక్‌సూయీ అంటాం, అంటే ఒకే దిక్కుకు తిరిగి ఉండడం. తెలుగులో ఏకాగ్రత, అంటే ఒకే కొన మీద నిలవడం. రెండు మాటల్లోనూ మొదటి భాగానికి ఒకటి అనే అర్థం.

నమాజ్‌లో ఉండాల్సిన "ఖుషూ"ను కొన్ని ఇంగ్లీషు పుస్తకాలు కాన్సంట్రేషన్ అని రాస్తాయి. ఆ మాట సగం అర్థమే ఇస్తుంది. ఖుషూలో ధ్యాస ఒకచోట నిలవడంతో పాటు అల్లాహ్ ముందు హృదయం వంగి ఉండడం, వినయం కూడా ఉన్నాయి. సూరా అల్ మూమినూన్ మొదట్లోనే నమాజ్‌లో ఖుషూ ఉన్న విశ్వాసుల ప్రస్తావన వస్తుంది. పరీక్ష రాసే పిల్లవాడికి, చదరంగం ఆడేవాడికి కూడా కాన్సంట్రేషన్ ఉంటుంది. దాన్ని ఖుషూ అనలేం. పిల్లలకు అర్థం చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పడం మంచిది.

జనాభా, పథకాలు, వార్తలు

ప్రభుత్వ కాగితాల్లో "మైనారిటీ కాన్సంట్రేషన్" అనే మాట చాలాసార్లు వస్తుంది. సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చాక, కేంద్ర ప్రభుత్వం 2008-09లో దేశంలోని 90 మైనారిటీ కాన్సంట్రేషన్ జిల్లాల్లో స్కూళ్లు, ఆరోగ్య కేంద్రాలు, ఇళ్లు లాంటి సదుపాయాల కోసం బహుళరంగ అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది. తర్వాత జిల్లాకు బదులు బ్లాకును లెక్కలోకి తీసుకున్నారు. 2018లో దాని పేరు ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమంగా మారింది.

ఇక్కడ కూడా అడగాల్సింది "ఎంతలో ఎంత?" అనే. ఒక ఊళ్లో 2,000 మంది ఉంటే వారిలో 800 మంది మైనారిటీలు అనుకుందాం. అది 40 శాతం. ఒక పట్టణంలో 2 లక్షల మందిలో 20,000 మంది మైనారిటీలు. అది 10 శాతం. సంఖ్యలో పట్టణం 25 రెట్లు ఎక్కువ. కాన్సంట్రేషన్‌లో మాత్రం ఊరే ఎక్కువ. శాతం చూసి చోటును ఎంచుకునే పథకం ఊరికి అందుతుంది, పట్టణంలోని పేద బస్తీకి అందకపోవచ్చు. మొత్తం జిల్లాను లెక్కేస్తారా, బ్లాకును లెక్కేస్తారా, బస్తీని లెక్కేస్తారా అన్నదాన్ని బట్టి ఎవరికి స్కూలు బిల్డింగ్ వస్తుందో తేలుతుంది. మహల్లా కమిటీలు అర్జీ పెట్టేటప్పుడు ఈ ముక్క ముందే తెలుసుకోవాలి.

వార్తలు చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. "కేసులు ఫలానా బస్తీలో కాన్సంట్రేటెడ్‌గా ఉన్నాయి" అంటే, ఉన్న కేసుల్లో ఎక్కువ భాగం ఆ బస్తీలో ఉన్నాయని మాత్రమే అర్థం. ఆ బస్తీలో ఎక్కువమందికి జబ్బు ఉందని కాదు. ఊరంతా కలిపి 50 కేసులు, అందులో 40 ఆ బస్తీలోవి, బస్తీ జనాభా 10,000 అనుకోండి. కేసులు అక్కడ కాన్సంట్రేట్ అయిన మాట నిజమే. అయినా బస్తీలో వెయ్యిమందిలో 996 మంది ఆరోగ్యంగానే ఉన్నారు. ఈ రెండు అర్థాలను కలిపేస్తే ఒక వాడ మొత్తానికీ, ఒక వర్గం మొత్తానికీ చెడ్డపేరు వస్తుంది. జబ్బు విషయంలోనైనా, నేరాల విషయంలోనైనా ఇలాంటి వాక్యం వాట్సాప్‌లో వస్తే ఫార్వర్డ్ చేసే ముందు ఆగి, మొత్తం ఎంతమందిలో అని చూడాలి.

వాక్యంలో ఎలా వాడాలి

మందు, ద్రవం అయితే నామవాచకం ముందు వాడతారు: ఎ కాన్సంట్రేటెడ్ సొల్యూషన్, కాన్సంట్రేటెడ్ యాసిడ్.

చోటు చెప్పేటప్పుడు తర్వాత "ఇన్" వస్తుంది: ద షాప్స్ ఆర్ కాన్సంట్రేటెడ్ ఇన్ వన్ స్ట్రీట్, అంటే దుకాణాలన్నీ ఒకే వీధిలో పోగై ఉన్నాయి. డబ్బు, అధికారం కొద్దిమంది దగ్గర ఉంటే "కాన్సంట్రేటెడ్ ఇన్ ద హ్యాండ్స్ ఆఫ్ ఎ ఫ్యూ" అంటారు.

ధ్యాస చెప్పేటప్పుడు "ఆన్" వస్తుంది: కాన్సంట్రేట్ ఆన్ యువర్ స్టడీస్. "టు యువర్ స్టడీస్" అన్నా, "ఇన్ యువర్ స్టడీస్" అన్నా తప్పు.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు "హి ఈజ్ వెరీ కాన్సంట్రేటెడ్" అనడం. ఇంగ్లీషులో మనిషిని అలా అనరు. "హి ఈజ్ ఫోకస్డ్" అని గానీ, ఆ క్షణంలో చేస్తున్న పని అయితే "హి ఈజ్ కాన్సంట్రేటింగ్" అని గానీ అనాలి. ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

దగ్గరగా వినిపించే మాటలు

కన్సర్టెడ్ ఎఫర్ట్ అంటే అందరూ కలిసికట్టుగా చేసిన ప్రయత్నం. కాన్సంట్రేటెడ్ ఎఫర్ట్ అంటే ఒకే పని మీద పెట్టిన ప్రయత్నం. ఒంటరిగా చదివే విద్యార్థిది రెండోది. మస్జిద్ కమిటీ, స్కూలు, తల్లిదండ్రులు కలిసి చేసేది మొదటిది.

కాన్‌సెంట్రిక్ అంటే ఒకే కేంద్రం ఉన్న వృత్తాలు, ఏకకేంద్ర వృత్తాలు. గాఢతతో దానికి సంబంధం లేదు.

కండెన్స్డ్ అంటే కుదించినది. కండెన్స్డ్ మిల్క్ అంటే నీళ్లు చాలావరకు తీసేసిన పాలు. మామూలుగా డబ్బాల్లో వచ్చేదాంట్లో చక్కెర కూడా కలుపుతారు.

ఇంటెన్స్ అంటే తీవ్రమైన. నొప్పి, ఎండ, కోపం ఇంటెన్స్‌గా ఉంటాయి.

క్లుప్తంగా

కాన్సంట్రేటెడ్ అంటే తక్కువ చోట ఎక్కువ ఉన్నది. స్వచ్ఛమైనది అని కాదు, బలమైనది అని కాదు, నాణ్యమైనది అని కాదు. ఆ మాట కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఏది ఎక్కువగా ఉంది, ఎంతలో ఎంత ఉంది, వాడే ముందు ఎన్ని నీళ్లు కలపాలి. మందుల మీద ఆ మాట లేకపోయినా, మి.గ్రా., మి.లీ., యూనిట్లు అనే అంకెలు అదే సంగతి చెబుతాయి. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగే పిల్లలు అమ్మీకి, దాదీకి, నానీకి ఆ అంకెలు ఒకసారి చదివి వినిపించి, సీసా మీద తెలుగులోనో ఉర్దూలోనో పెద్ద అక్షరాలతో రాసి అంటించి పెడితే మంచిది.